పొగ నీలంగా వస్తే తప్పు నాజిల్‌ది కాదు

ప్రశ్న: మాకు ఐదెకరాల మెట్ట ఉంది. పదిహేనేళ్ల నాటి 50 హెచ్‌పీ ట్రాక్టర్ ఒకటి బేరానికి వచ్చింది. కొత్తగా రంగు వేశారు, గంటల మీటర్ 2,800 చూపిస్తోంది. స్టార్ట్ చేస్తే నీలం పొగ వస్తోంది. నాజిళ్లు సర్వీసు చేయిస్తే పోతుందని మధ్యవర్తి అంటున్నాడు. కొనవచ్చా?

జవాబు: నాజిళ్ల మాట నమ్మకండి. నాజిల్ అంటే డీజిల్‌ను ఇంజిన్‌లోకి చిమ్మే భాగం. అది చెడితే పొగ నల్లగానో, డీజిల్ సరిగా కాలక తెల్లగానో వస్తుంది. నీలం పొగ వచ్చిందంటే ఇంజిన్ ఆయిల్ కాలుతున్నట్టే. స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లో తగ్గిపోతే వాల్వుల పక్క నుంచి ఆయిల్ లోపలికి దిగకుండా ఆపే గైడ్లు, సీళ్లు అరిగి ఉండవచ్చు. దుక్కిలో లోడ్ పడినప్పుడూ వస్తూనే ఉంటే పిస్టన్ రింగులు, స్లీవులు (పిస్టన్ ఆడే గొట్టాలు) పోయినట్టే. అమ్మే ముందు చిక్కటి ఆయిల్ పోసి పొగ కనబడకుండా చేయడం చాలాచోట్ల జరుగుతోంది, జాగ్రత్త.

పొద్దున్నే, ముందుగా చెప్పకుండా వెళ్లండి. బానెట్ ఎత్తి ఇంజిన్ బ్లాకు మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే తిప్పి ఉంచారు. ఆ రోజుకి వెనక్కి వచ్చేయండి. చల్లగా ఉంటేనే రేడియేటర్ మూత తీయండి. నీళ్ల మీద నూనె తెట్టు ఉన్నా, డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా ఉన్నా బేరం అక్కడితో ఆపేయండి. బాగుంటే 20 నిమిషాలు నడిపి, స్లోలో ఉంచి, ఆయిల్ పోసే మూత తీసి రంధ్రం మీద తిరగేసి పెట్టండి. మూత ఎగిరెగిరి పడుతూ, రంధ్రంలోంచి పొగ బుసకొడుతుంటే అది రింగులు, స్లీవులు మార్చాల్సిన ఇంజిన్.

మీటరు మార్చేయవచ్చు, కేబుల్ ఊడదీయవచ్చు. 2,800 గంటలంటే ఏడాదికి 190 కూడా కాదు. బండి కిరాయికి తిరిగి ఉంటే ఆ లెక్క కుదరదు. వెనక పనిముట్లు తగిలించే లోయర్ లింకుల పిన్ను రంధ్రాలు కోడిగుడ్డులా సాగాయేమో, రోటావేటర్ లాంటి పనిముట్లను తిప్పే పీటీఓ షాఫ్ట్ పళ్లు కత్తి అంచులా పదునెక్కాయేమో చూడండి. ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌తో బిగించే చోట కొత్త రంగు కింద వెల్డింగ్ గీత తగిలితే వద్దు.

లిఫ్ట్‌ను ఖాళీగా ఎత్తి చూపిస్తే ఒప్పుకోకండి. రోటావేటర్ తగిలించి ఎత్తించి, ఇంజిన్ ఆపి, 15 నిమిషాలు దూరంగా నిలబడి చూడండి. కొద్దిగా దిగడం పాత బండికి మామూలే. కళ్లముందే నేలకు వచ్చేస్తే లోపల లీకు ఉంది.

అసలు ఐదెకరాలకు 50 హెచ్‌పీ ఎందుకు? అయిదడుగుల రోటావేటర్‌ను మంచి కండిషన్‌లో ఉన్న 40 హెచ్‌పీ బండి లాగుతుంది. బరువైన బండిని తడి నేలలో తిప్పితే దుక్కి కింద మట్టి గట్టిపడి వేళ్లు దిగవు. ఆ గట్టి పొరను విడదీయడానికి మళ్లీ లోతు దుక్కి ఖర్చు మీ నెత్తినే పడుతుంది.

అయినా ఇదే కావాలనుకుంటే స్లీవులు, పిస్టన్లు, రింగులు, బేరింగులు మొత్తం మార్చడానికి ఎంతవుతుందో మీ మెకానిక్ చేత, మధ్యవర్తి మెకానిక్ చేత కాదు, కాగితం మీద రాయించండి. ఆ మొత్తం ధరలో తగ్గిస్తేనే అడ్వాన్సు ఇవ్వండి.