రాజీనామా ఆఖరున

ప్రభువునందు ప్రియమైన చెల్లెమ్మకు, వందనాలు.

నర్సు ఉద్యోగం మానేసి సంఘ సేవలోకి వస్తానన్నావు. సంతోషం. రాజీనామా మాత్రం ఆఖరున ఇవ్వు. సెమినరీలో (పాస్టర్లను తయారుచేసే వేదాంత కళాశాలలో) సీటు, సంఘ అధికారుల రాతపూర్వక అంగీకారం, రెండూ చేతికి వచ్చేదాకా డ్యూటీ మానకు.

ముందు మీ సంఘ నియమావళి చదువు. స్త్రీలకు అభిషేకం, అంటే పాస్టరు పట్టం, ఇస్తారా? ఇస్తే ఏ స్థాయి వరకు? కతోలిక సంఘంలో గురుపట్టం స్త్రీలకు లేదు. ఆంగ్లికన్ సంఘాల్లో చాలాచోట్ల ఉంది, అన్నిచోట్లా లేదు. ఇది తేల్చుకోకుండా వేదాంతం చదివితే, పట్టా చేతికొచ్చాక కూడా సండే స్కూలు దగ్గరే ఆగిపోవలసి వస్తుంది.

సారా ములాలీ గారిని చూడు. 1999లో ఇంగ్లాండుకు చీఫ్ నర్సింగ్ ఆఫీసర్ అయ్యారు. ఆ పదవిలో ఉండగానే 2001లో డీకన్‌గా, అంటే గురుపట్టానికి ముందు మెట్టులో, అభిషేకం పొందారు. పూర్తికాల సేవకు వచ్చింది 2004లో. 2018లో లండన్ బిషప్ అయ్యారు, 2025లో ఇంగ్లాండు ఆంగ్లికన్ సంఘంలో అత్యున్నత బిషప్ పదవైన కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌గా ఆమె పేరు ప్రకటించారు. రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదంటారు గానీ, ఈ విషయంలో కొన్నాళ్లు అలా నడవడమే క్షేమం.

పాస్టరుకు ఇచ్చే జీతమెంతో కనుక్కుని, ఆరు నెలలు ఆ మొత్తంతోనే ఇల్లు నడిపి చూడు. సంఘం ఇల్లు ఇస్తే అది పదవితోపాటే పోతుంది, ఆ సంగతి చాలామంది మరిచిపోతారు. నర్సింగ్ రిజిస్ట్రేషన్ గడువు దాటనివ్వకు. బ్రిటన్‌లోనైతే మూడేళ్లకు 450 గంటల ప్రాక్టీసు, 35 గంటల శిక్షణ చూపించాలి. మీ నర్సింగ్ కౌన్సిల్ ఏమడుగుతుందో ఇప్పుడే తెలుసుకో. నైట్ డ్యూటీ దిగివచ్చి సెమినరీలో నేర్పే బైబిలు గ్రీకు వ్యాకరణం చదివితే ఒక్క ముక్క బుర్రకెక్కదు, క్లాసులు మొదలయ్యేలోపే డే షిఫ్టు అడుగు.

పాస్టర్లయిన నర్సులు రోగుల పరామర్శ దగ్గరే ఎక్కువ తడబడతారు. రోగి గదిలో అడుగు పెట్టగానే కళ్లు మానిటర్ మీదికి, చెయ్యి సెలైన్ ట్యూబు మీదికి పోతాయి. ఆ చేతిని ఆపుకో. కుర్చీ దగ్గరకు లాక్కుని, ఆ మనిషి తల ఎత్తకుండా నీ మొహం కనిపించేలా కూర్చో. ప్రార్థన చేయమంటారా అని అడుగు, వద్దంటే ఊరుకో. పది నిమిషాలు చాలు. డాక్టరు రౌండ్ల వేళ వెళ్లకు. డోసు సంగతి అడిగితే డాక్టరునే అడగమను. ఒక్కసారి బీపీ చూశావంటే, ఇక ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక నీ ముందు లైనే! ఒక్కచోట మాత్రం నోరు మూసుకోకు: ప్రార్థన చేయించుకున్నామని మందులు మానేసేవాళ్లకు, మానకూడదని గట్టిగా చెప్పు. నర్సుగా చేసిన పాస్టరు చెబితే ఆ మాటకు బరువుంటుంది.

రోగుల కథలు ప్రసంగంలోకి తేకు. పేరు మార్చినా పోల్చుకుంటారు.

వార్డు అలవాట్లలో వదలకూడనివీ ఉన్నాయి. నార్కోటిక్ మందుల రిజిస్టరులో ఇద్దరు సంతకం చేస్తారు కదా, కానుకల సంచీ కూడా అంతే. ఇద్దరి ఎదుట విప్పాలి, ఇద్దరూ లెక్కపెట్టాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. "విశ్వాసులం, మనలో మనకు సంతకాలెందుకు" అని ఎవరైనా అంటే, అప్పుడే ఇంకా పట్టుబట్టాలి. పిల్లల మీద అఘాయిత్యం జరిగిందన్న మాట చెవిన పడితే విన్నది విన్నట్టు అదే రోజు రాసిపెట్టి, పోలీసులకూ సంఘ అధికారులకూ చెప్పు. క్షమాపణ పేరుతో లోపల సర్దేయనివ్వకు.

వాలంటీర్లు నీ స్టాఫ్ కాదు. డ్యూటీ చార్టు గోడకు అంటిస్తే సగం మంది రారు. ఒక్కొక్కరినీ విడిగా అడిగి, ఎప్పటిదాకా చేయాలో తేదీతో సహా చెప్పు. కొత్త సంఘంలో మొదటి ఏడాది ఆరాధన క్రమం జోలికి పోకు.

ఈ వారం మీ పాస్టరు గారిని కలిసి నీ పిలుపు సంగతి చెప్పు. సంఘంలో ఏదైనా బాధ్యత ఏడాదిపాటు ఇమ్మని అడుగు. ఆదివారాలు ఆఫ్ కావాలని నర్సింగ్ సూపరింటెండెంట్‌కు ఇప్పుడే అర్జీ పెట్టు, దానికి సమయం పడుతుంది.

నీ అన్నయ్య