ముందు తీగ, తర్వాతే స్పీకరు

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. బెంగళూరులో ఏదో ఆఫీసు ఖాళీ చేస్తుంటే పాత సామాన్ల వాడి దగ్గర పది సీలింగ్ స్పీకర్లు కొన్నావట, ఇల్లంతా పాట వినబడేలా నువ్వే బిగిస్తావట. మన ఇంట్లో నా తర్వాత టెస్టరు పట్టింది నువ్వొక్కదానివే. నిద్రపోతున్న మీ పెద్దమ్మను లేపి మరీ చెప్పాను. ఆవిడ మళ్ళీ పడుకుంది కానీ నాకే నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున లేచి ఇది రాస్తున్నాను.

దుమ్ము దులుపు. స్పీకరు మధ్యలోని కోను, అంటే ఊగే గరాటు మీద రెండు చేతుల వేళ్ళూ సమంగా ఆనించి మెల్లగా నొక్కు. గరగరమంటే దాని వెనకున్న తీగచుట్ట, వాయిస్ కాయిల్, రాసుకుంటోందని అర్థం, అది పక్కన పడెయ్యి. చుట్టూ ఉన్న ఫోమ్ పిండిలా రాలుతుంటే అదీ పనికిరాదు.

ఆఫీసుల్లో పెట్టేవి ఎక్కువగా 100 వోల్టుల లైను మీద నడిచేవే. దూరం వైరింగులో కరెంటు తక్కువ పారాలని అలా చేస్తారు. వెనక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, మేం ఎల్‌ఎమ్‌టీ అంటాం, లైన్ మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ అని. దానికి 1.5, 3, 6 వాట్లని ట్యాపులుంటాయి, వైరు ఏ ట్యాపుకు కలిపితే స్పీకరు అన్ని వాట్లు తీసుకుంటుంది. మల్టీమీటరు పెట్టి చూడు. పదుల్లోనో వందల్లోనో ఓమ్‌లు చూపిస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నట్టు. ఆరేడు ఓమ్‌లే చూపిస్తే ఎవరో పీకేశారన్నమాట. అలాంటి 8 ఓమ్‌ల స్పీకరు ఒక్కటి 100 వోల్టుల లైనులో కలిసిందా, అదొక్కటే 1250 వాట్లు అడుగుతుంది. ఆంప్లిఫయరైనా పోతుంది, స్పీకరైనా కాలుతుంది. లేబులు కూడా చదువు. అమెరికా సరుకైతే 70 వోల్టులని ఉంటుంది. దానికి 100 ఇస్తే 6 వాట్ల ట్యాపు మీద 12 వాట్లు లాగుతుంది. అప్పుడు ట్యాపు ఒక మెట్టు దించాలి.

హాల్లో నాలుగు 6 వాట్ల మీద, మిగతా ఆరూ 3 వాట్ల మీద పెట్టుకో. మొత్తం 42. ఇరవై శాతం చేతిలో ఉంచుకుంటే 50 దాటుతుంది కాబట్టి 60 వాట్ల ఆంప్లిఫయరు తీసుకో. 100 వోల్టుల అవుట్‌పుట్ ఉన్నదే కావాలి, హోమ్ థియేటర్‌ది పెడితే గుసగుసలే వినిపిస్తాయి. గదికొక వాల్యూమ్ కంట్రోల్ పెట్టాలంటే అదీ 100 వోల్టుల లైనుకు చేసిందే అడుగు. ఈ వైరు ఇంటి కరెంటు పైపులో దూర్చకు, వేరే పైపు వెయ్యి. ఇది కూడా షాక్ కొట్టే లైనే, ఆంప్లిఫయరు ఆన్‌లో ఉండగా ముట్టుకోకు.

ఇందులో ఏది తప్పినా కాలేది సామానే. ఎస్.పి. రోడ్డులో మళ్ళీ కొనుక్కోవచ్చు. నాకు నిద్ర పట్టనిది వేరే దానికి.

నువ్వు పుట్టకముందు మేం పెరంబూరులో అద్దెకుండేవాళ్ళం. పైన మద్రాసు టెర్రస్, అంటే దూలాల మీద ఇటుకలు పేర్చిన పాతకాలపు కప్పు, దాని కింద ఇంటివాళ్ళు వేయించిన మెత్తటి బోర్డు సీలింగు. నాయనమ్మకు మోకాళ్ళు పట్టేసి, హాల్లో రేడియో దగ్గరికి రాలేకపోయేది. బట్టల కొట్టు ఒకటి బాగుచేస్తుంటే తీసేసిన స్పీకరు తెచ్చి ఆవిడ మంచానికి సరిగ్గా పైన పెట్టాను. మూడు స్ప్రింగు క్లిప్పులు, అంతే. చేత్తో లాగి చూశాను, గట్టిగానే ఉంది. పది నెలలు పొద్దున్నే పాటలు విన్నది.

నవంబరు వానలు నాలుగు రోజులు విడవకుండా కురిశాయి. మూడో రోజు ఆవిడ పైకి చూపించి, "జాలీ చుట్టూ పసుపు మరక పడిందిరా" అంది. వాన తగ్గాక చూద్దాంలే అమ్మా అన్నాను. అడుగు దూరంలో స్టూలు ఉంది. ఎక్కి వేలితో నొక్కి ఉంటే బోర్డు తడిసిన అట్టలా ఉందని తెలిసేది. ఎక్కలేదు.

ఆ రాత్రి రెండింటికి పడింది. రెండు కిలోల ఇనుము, అంచు తగిలి కుడి మణికట్టు విరిగింది. నేను దీపం వేసేసరికి చెయ్యి ఒళ్ళో పట్టుకుని కూర్చుని, "పాటల పెట్టె పగిలిందా నాయనా?" అని అడిగింది.

ఆరు వారాలు కట్టు. ఎముక అతికింది కానీ వేళ్ళలో పట్టు పోయింది. చిన్నప్పుడు నాయనమ్మ కట్టిన మల్లెమాల వదులుగా ఉందని, బడికి వెళ్ళేలోపు పూలు రాలిపోతాయని ఏడ్చేదానివి గుర్తుందా? ముడి బిగించే బొటనవేలు ఆవిడ మాట వినేది కాదమ్మా. ఎందుకో నీకు ఆవిడా చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

అందుకని, ప్రతి స్పీకరుకీ స్టీలు తీగ కట్టు. జిప్సం బోర్డుకు కాదు, దాని పైనున్న స్లాబుకు యాంకర్ ఫాస్టెనర్, అంటే కాంక్రీటులో బిగిసే బోల్టు, కొట్టి కట్టాలి. క్లిప్పులు విప్పేసి, ఆ తీగ మీదే వేలాడుతుందో లేదో ఒక్కొక్కటీ చూడు. మన ఫ్లాట్లలో ఫ్యానుకూ లైటుకూ వెళ్ళే పైపులు స్లాబులోనే పోస్తారు. లైటు పాయింటుకూ ఫ్యాను కొక్కేనికీ మధ్య డ్రిల్లు పెట్టావంటే నేరుగా వైరులోకే. డ్రిల్లుకు కరెంటు పక్కింటి నుంచి తెచ్చుకుని మీ ఇంటి మెయిన్ ఆపెయ్యి. పైఅంతస్తు బాత్రూం మీ ఏ గది మీద ఉందో కనుక్కుని ఆ జాగా వదిలెయ్యి. ఎక్కడ మరక కనబడినా ఆ రోజే నిచ్చెన ఎక్కు. ఒక్కదానివే ఎక్కకు! అల్లుడు వచ్చేదాకా ఆగలేవా? ఆ తొందరంతా నా దగ్గర నేర్చుకున్నదే, తెలుసు.

వచ్చే శనివారం బృందావన్ ఎక్స్‌ప్రెస్ రైల్లో వస్తున్నాను. తీగ చుట్టా క్లాంపులూ నేనే తెస్తాను. అప్పటిదాకా పదీ నేల మీద పెట్టి వాయించి చూడు, సీలింగు కొయ్యకు. పడకగదుల్లో మంచాలు ఎటు వేశారో కాగితం మీద గీసి ఫొటో పంపు. పాప ఏ వైపు తల పెట్టి పడుకుంటుందో అందులో గుర్తు పెట్టు.

మీ పెదనాన్న