బేస్ యాంప్ పాట మధ్యలో ఆగిపోయింది, పవర్ లైటు మాత్రం వెలుగుతోంది. ఫ్యూజు మార్చాలా?

మీరు అడిగింది: ప్రభల తీర్థంలో (కోనసీమ సంక్రాంతి జాతర) జనరేటర్ మీద నడుస్తున్న 100 వాట్ల బేస్ గిటారు కాంబో (యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉన్నది) ఉన్నట్టుండి మూగబోయింది, లైటు వెలుగుతోంది, ఫ్యూజు పెద్దది వేస్తే పనిచేస్తుందా అని.

వేయకండి. లైటు వెలుగుతోందంటే మెయిన్ ఫ్యూజు పోలేదండి. స్క్రూలు కూడా ఇప్పుడే విప్పొద్దు. సౌండ్ ఆగింది ప్రీయాంప్‌లోనా (గిటారు సిగ్నల్‌ని మొదట అందుకునే భాగం), పవర్ యాంప్‌లోనా (స్పీకర్‌ని నడిపే భాగం), స్పీకర్‌లోనా అన్నది బయటినుంచే చాలావరకు తేలుతుంది.

గిటారు, కేబులు వేరే యాంప్‌లో పెట్టి చూడండి. యాక్టివ్ బేస్ (లోపల బ్యాటరీ సర్క్యూట్ ఉన్న గిటారు) అయితే 9 వోల్టుల బ్యాటరీ మార్చండి. జాక్ గుచ్చి వదిలేస్తే వాయించకపోయినా అది ఖాళీ అవుతుంది.

అవి బాగుంటే గిటారు తీసేసి, మాస్టర్ వాల్యూమ్ సగానికి పెట్టి స్పీకర్ దగ్గర వినండి. సన్నగా ‘స్స్’మంటోందంటే పవర్ యాంప్, స్పీకర్ బతికే ఉన్నాయి, తేడా వాటికి ముందే ఉంది. వెనక ఎఫెక్ట్స్ సెండ్, రిటర్న్ జాక్‌లు (ప్రీయాంప్ సిగ్నల్ బయటికి వెళ్లి, పవర్ యాంప్‌కి తిరిగి వచ్చేవి) ఉంటే ఒక మామూలు గిటార్ కేబులుతో ఆ రెండింటినీ కలపండి. సౌండ్ వచ్చిందా, దోషి రిటర్న్ జాకే. ఏమీ గుచ్చనప్పుడు సిగ్నల్ ఆ జాక్ లోపలి చిన్న స్విచ్ పత్తీ (సన్నని లోహపు రేకు) మీదుగా వెళ్తుంది. మన గోదావరి డెల్టా తేమకి, అందులోనూ అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి, ఆ పత్తీ నల్లబడి కాంటాక్ట్ పోతుంది. ఎఫెక్ట్స్ వాడనివాళ్లకే ఇది ఎక్కువ, ఎందుకంటే ఆ జాక్‌ని ఎవరూ ముట్టుకోరు. పవర్ ఆపి కాంటాక్ట్ క్లీనర్ కొంచెం కొట్టి, ప్లగ్గును 10–15 సార్లు గుచ్చి తీయండి. ‘స్స్’ రాకపోతే హెడ్‌ఫోన్ జాక్‌కీ అలాగే చేయండి, చాలా కాంబోల్లో స్పీకర్‌ని ఆపేది దాని స్విచ్చే. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు మాత్రం వద్దు, జిడ్డు మీద దుమ్ము పేరుకుంటుంది.

కలిపినా రాకపోతే సెండ్ నుంచి మిక్సర్‌కి లైన్ తీయండి. అక్కడ గిటారు వినిపిస్తే ప్రీయాంప్ బాగున్నట్టే. ఆ రాత్రికి ప్రోగ్రామ్ కూడా అలాగే గట్టెక్కించొచ్చు.

‘స్స్’ కూడా లేకపోతే ముందు స్పీకర్ చూడండి. పవర్ ఆపి, యాంప్ నుంచి దాని వైర్లు ఊడదీసి, మల్టీమీటర్ 200 ఓంల రేంజిలో కొలవండి. 8 ఓంల స్పీకర్‌కి 5.5 నుంచి 7 దాకా, 4 ఓంల దానికి 3 నుంచి 3.5 దాకా చూపించాలి. ఏమీ చూపకపోతే కాయిల్ కాలింది, లేదా కోన్‌కి వెళ్లే జడవైరు తెగింది. మీటర్ లేకపోతే 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ తాకించండి, ‘టప్’మనాలి.

స్పీకర్ బాగుందంటే పవర్ ఆన్ చేసి చెవి పెట్టండి. రిలే (స్పీకర్‌ని కలిపే, విడదీసే లోపలి స్విచ్) ఉన్న యాంప్‌లో రెండు మూడు సెకన్లకి ‘టిక్’ వినపడాలి. స్పీకర్ తీసేసినా టిక్ రాకపోతే అవుట్‌పుట్‌లో డీసీ (స్పీకర్‌ని కాల్చేసే నేరు కరెంటు) ఉండి, ప్రొటెక్షన్ సర్క్యూట్ రిలేని పట్టి ఉంచి ఉండొచ్చు. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్ కావడం అందుకు మామూలు కారణం. ఇంకో సంగతి, కొన్ని యాంపుల్లో లోపలి బోర్డు మీద ప్లస్, మైనస్ సప్లయిలకి విడి ఫ్యూజులుంటాయి. అవి పోయినా ముందు లైటు వెలుగుతూనే ఉంటుంది. అరగంట ఆపాక దానంతటదే పలికితే మాత్రం అది వేడి: ఫ్యాన్ తిరుగుతోందా, 4 ఓంలు కనీసం అని రాసిన యాంప్‌కి 4 ఓంల క్యాబినెట్లు రెండు తగిలించి 2 ఓంలకు దించారా చూడండి.

ఇక్కడినుంచి మెకానిక్ పని. ప్లగ్గు పీకినా కెపాసిటర్లలో చార్జ్ ఉంటుంది. స్విచింగ్ సప్లయి (బరువైన ట్రాన్స్‌ఫార్మర్ లేని పవర్ సప్లయి) ఉన్న తేలికపాటి యాంప్‌లో 300 వోల్టులు దాటి, వాల్వ్ యాంప్‌లో ఇంకా ఎక్కువ కూడా. అతనికి రెండు మాటలు చెప్పండి. లోపలి ఫ్యూజు గాజు నల్లగా, వెండిపూతలా మసకబారితే గట్టి షార్ట్, ఇంకోటి వేసినా పోతుంది. తీగ మాత్రం సన్నగా తెగితే పాతబడిందేమో, అదే విలువ, అదే ‘టి’ రకం (నెమ్మదిగా తెగేది) ఒక్కసారి వేసి చూడొచ్చు. రెండోది, పోయిన ట్రాన్సిస్టర్ ఒక్కటే మార్చి వదలకుండా దాని జత, వాటిని నడిపే డ్రైవర్ ట్రాన్సిస్టర్లు, 0.22 లేదా 0.33 ఓంల ఎమిటర్ రెసిస్టర్లు కూడా చూడమనండి. లేదంటే కొత్తదీ పోతుంది. నకిలీ ట్రాన్సిస్టర్లు బజార్లో బోలెడు, చవకవి వద్దు.

రిపేరయ్యాక మొదటి ఆన్ 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బుతో సిరీస్‌లో చేయించండి. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే సరే, నిండుగా వెలుగుతూ ఉంటే షార్ట్ ఇంకా ఉంది. ఈ లెక్క బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న యాంప్‌లకే. స్విచింగ్ సప్లయి ఉన్నవి బాగున్నా బల్బు మీద సరిగా లేవవు.

జనరేటర్ సంగతి వేరే. త్రీఫేజ్ సెట్‌లో న్యూట్రల్ వదులైతే, లోడ్ తక్కువున్న ఫేజులో 230 ఉండాల్సిన వోల్టేజి 400 వైపు ఎగబాకుతుంది. సీరియల్ సెట్ల లైన్‌లోంచి యాంప్‌కి కరెంటు తీసుకోవద్దు. ప్లగ్గు పెట్టేముందు మీటర్‌తో కొలవండి, లైట్లన్నీ వేశాక మళ్లీ కొలవండి. 210–240 మధ్య నిలకడగా లేకపోతే యాంప్ ఆన్ చేయొద్దు.

‘స్స్’ ఉందా, సెండ్, రిటర్న్ కలిపితే ఏమైంది, రిలే టిక్‌మంటోందా, ఈ మూడూ రాయండి. మోడల్ పేరు కూడా పెడితే లోపలి ఫ్యూజులు ఉన్నాయో లేదో చూసి చెప్తాను.