అల్జీరియాను ముంచిన ఆ 80 నిమిషాలు

ప్రశ్న: ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో గ్రూపు చివరి రెండు మ్యాచ్‌లూ ఒకే టైమ్‌కి ఎందుకు పెడతారండీ? ఒకటి చూస్తే రెండోది పోతోంది. దీనంతటికీ అల్జీరియానే కారణమంటాడు మా బాబాయ్. నిజమేనా?
– ఓ పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ బాబాయ్ మాట నిజమే, కాకపోతే తప్పు అల్జీరియాది కాదు. 1982లో స్పెయిన్‌లో ఆ జట్టు తన మొట్టమొదటి ప్రపంచ కప్ మ్యాచ్‌లోనే పశ్చిమ జర్మనీని 2-1తో ఓడించింది. మజర్, బెల్లూమీ చెరో గోల్ కొట్టారు. ఆస్ట్రియా చేతిలో ఓడినా, చిలీపై 3-2తో గెలిచింది. మర్నాడు అదే గ్రూపులోని జర్మనీ, ఆస్ట్రియా తలపడ్డాయి. అల్జీరియా ఆటలు అయిపోయాయి కాబట్టి ఎంత తేడాతో గెలవాలో ముందే లెక్క తెలుసు. జర్మనీ ఒక గోల్ తేడాతో గెలిస్తే చాలు, ఇద్దరూ ముందుకెళ్తారు, అల్జీరియా అవుట్. 10వ నిమిషంలో జర్మనీ ఆటగాడు హ్రూబెష్ గోల్ పడింది. ఇక మిగతా 80 నిమిషాలూ బంతిని నీకొకటి నాకొకటి అన్నట్టు అటూ ఇటూ తన్నుకున్నారు! గ్యాలరీలో అల్జీరియా అభిమానులు కరెన్సీ నోట్లు ఊపారు.

మా సత్యనారాయణపురంలో సంక్రాంతి పేకాటలో బావా బావమరిదీ కళ్లతో సైగలు చేసుకుంటే మిగతావాళ్ల జేబులు ఖాళీ. ఇదీ అంతే. రెండు మ్యాచ్‌లు గెలిచిన అల్జీరియా ఇంటిదారి పట్టింది. మళ్లీ ఇలా జరక్కూడదనే 1986 నుంచి గ్రూపు ఆఖరి మ్యాచ్‌లు ఒకేసారి ఆడిస్తున్నారు.

ఆ తర్వాత 1990లో, 2019లో ఆ జట్టు ఆఫ్రికా కప్ గెలిచింది. 2014 ప్రపంచ కప్‌లో మళ్లీ జర్మనీయే ఎదురైంది. ఎక్స్‌ట్రా టైమ్ దాకా ముచ్చెమటలు పట్టించి, అల్జీరియా 1-2తో ఓడింది.