డీఎన్‌ఏ సీక్వెన్సింగా, ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగా? ఎండాకు తెగులు మీద నా అనుభవం

మీరు అడిగింది ఇదీ: వరిలో బాక్టీరియా ఎండాకు తెగులు మీద ఎమ్మెస్సీ ప్రాజెక్టు, డబ్బు ఒక్కదానికే సరిపోతుంది, డీఎన్‌ఏ సీక్వెన్సింగ్ (అక్షరాల వరస చదివించడం) చేయించాలా, ఆర్‌ఎన్‌ఏది చేయించాలా? ఆకులు మైనస్ 20 ఫ్రిజ్‌లో దాచామన్నారు. ఆ ఫ్రిజ్ సంగతి చివర్లో చెప్తాను.

నేను ఇదే తెగులు మీద మూడేళ్ళు ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేశాను. ఎక్కువ నేర్చుకున్నది చెడగొట్టుకునే.

వరి జీనోమ్, అంటే దాని డీఎన్‌ఏ మొత్తం, సుమారు 39 కోట్ల అక్షరాలు. 2005లోనే మొత్తం చదివేసి పెట్టారు కాబట్టి పోల్చుకోవడానికి మూలప్రతి చేతిలో ఉంది. ఏ ఆకు కోసినా, ఏ పూట కోసినా ఆ అక్షరాలు మారవు. ఆర్‌ఎన్‌ఏ అలా కాదు. కోసిన ఆ నిమిషానికి ఏ జీన్‌లు నడుస్తున్నాయో అదే దొరుకుతుంది.

రెండిటి తేడా నాకు బుర్రకెక్కింది ఎక్స్‌ఏ13 అనే జీన్ దగ్గర. సాంబ మసూరి తెలుసు కదా, బాపట్లలో పుట్టిన బీపీటీ 5204. అన్నానికి బంగారం, ఎండాకు తెగులుకి మాత్రం ఇట్టే లొంగిపోతుంది. దానికి ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అనే, తెగుల్ని తట్టుకునే మూడు జీన్‌లు చేర్చి, హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం), వరి పరిశోధన సంస్థ కలిసి ఇంప్రూవ్డ్ సాంబ మసూరి తెచ్చాయి. వీటిలో ఎక్స్‌ఏ13 కథ వింత. అది చక్కెరను కణం బయటికి పంపే ప్రోటీన్ తాలూకు జీన్. బాక్టీరియా తన ప్రోటీన్ ఒకటి మొక్క కణంలోకి పంపిస్తుంది. అది పోయి ఈ జీన్ ముందుండే ప్రమోటర్ అనే డీఎన్‌ఏ ముక్క మీద కూర్చుని స్విచ్ వేస్తుంది. మొక్కే చక్కెర బయట పోస్తుంది, బాక్టీరియా తింటుంది. దొంగ మన ఇంటివాళ్ళ చేతే తలుపు తీయించుకున్నట్టు. తట్టుకునే రకాల్లో, అంటే ఎక్స్‌ఏ13 ఉన్నవాటిలో, ఆ ప్రమోటర్ అక్షరాలు మారి ఉంటాయి, కూర్చోడానికి చోటుండదు. పోనీ జీన్‌నే పీకేద్దామా అంటే, పుప్పొడి తయారవడానికి కూడా అదే కావాలి!

ఇప్పుడు చూడండి. డీఎన్‌ఏ మాత్రమే చదివితే ప్రమోటర్‌లో తేడా కనిపిస్తుంది, దానివల్ల ఏం జరుగుతుందో కనిపించదు. ఆర్‌ఎన్‌ఏ మాత్రమే చూస్తే ఒక రకంలో జీన్ లేచింది, ఇంకోదాంట్లో లేవలేదని తెలుస్తుంది, ఎందుకో తెలియదు.

ఇక నా నిర్వాకం. ఈ తెగులు ఎక్కించడానికి కత్తెరను బాక్టీరియా కలిపిన నీళ్ళలో ముంచి ఆకు కొసలు కత్తిరిస్తాం. పోల్చడానికి కొన్ని మొక్కలకు ఉత్తి నీళ్ళ కత్తెర. నేను ఉత్తి నీళ్ళవి పొద్దున పదింటికి, బాక్టీరియావి భోజనం చేసొచ్చి మూడింటికి కత్తిరించాను. మర్నాడు సరిగ్గా 24 గంటలకని అదే వరసలో ఆకులు కోశాను. లెక్క తప్పలేదనుకున్నా. డేటా వచ్చాక చూస్తే వేల జీన్‌లు మారాయి, ఎగిరి గంతేశాను. మా సీనియర్ అక్క జాబితా పైవైపు ఒకసారి చూసి, "ఏ టైముకి కోశావ్?" అంది. పైనున్నవి ఎల్‌హెచ్‌వై, పీఆర్‌ఆర్1 లాంటివి, మొక్క గడియారాన్ని నడిపే జీన్‌లు. మొదటిది తెల్లవారుజామున, రెండోది సాయంత్రం ఎక్కువగా పలుకుతుంది. నేను కొలిచింది తెగుల్ని కాదు, పదింటికీ మూడింటికీ ఉన్న తేడాని. ఆరు శాంపిళ్ళ డబ్బు బూడిదలో పోసిన పన్నీరు.

కాబట్టి నా సలహా: మీ రకంలో ఏ నిరోధక జీన్ ఉందో ముందే తెలిస్తే మొత్తం జీనోమ్ చదివించొద్దు. ఆ కాస్త ముక్కను పీసీఆర్ చేసి (లెక్కలేనన్ని కాపీలు తీసి) చదివిస్తే చాలు, ఖర్చు చాలా తక్కువ. మిగిలిన డబ్బు ఆర్‌ఎన్‌ఏకి పెట్టండి. ఒక్కో గుంపుకి కనీసం మూడు వేర్వేరు మొక్కలు ఉండాలి. ఒకే మొక్కని మూడుసార్లు చదివిస్తే లెక్కలోకి రాదు. శాంపిల్‌కి రెండు కోట్ల రీడ్స్ (మెషిన్ చదివే చిన్న ముక్కలు) చాలంటాను. రీడ్స్ పెంచేకన్నా మొక్కలు పెంచడం మేలు.

నూరడం దగ్గరే చాలామంది పోగొట్టుకుంటారు. లిక్విడ్ నైట్రోజన్ పోసుకుంటూ ముగ్గుపిండిలా అయ్యేదాకా నూరాలి. మధ్యలో కరిగి ముద్ద అయిందా, ఆర్‌ఎన్‌ఏ విరిగిపోవడం మొదలైనట్టే. జెల్‌లో (ఆర్‌ఎన్‌ఏని సైజు వారీగా విడదీసి చూసే పలకలో) రెండు గీతలకు బదులు నాలుగైదు కనిపిస్తే మాత్రం కంగారు పడకండి, పచ్చటి ఆకుల్లో క్లోరోప్లాస్ట్ రైబోజోముల గీతలు కూడా పడతాయి. నేను మొదట్లో అవి చూసి విరిగిపోయిందనుకుని మంచి శాంపిల్ పారబోశాను.

ఆ ఫ్రిజ్ ఆకులంటారా, డీఎన్‌ఏకి నిక్షేపంగా వాడుకోండి. ఆర్‌ఎన్‌ఏకి వద్దు, మెల్లగా గడ్డకట్టేలోపే ఆకులోని ఎంజైములు దాన్ని తినేసి ఉంటాయి. మళ్ళీ విత్తనం వేయండి, కోయగానే నైట్రోజన్‌లో వేసి మైనస్ 80లో పెట్టండి. ట్యూబు మీద తేదీతోపాటు టైము కూడా రాయండి.