రాళ్ల నేలలో కూరగాయల మడి

ప్రశ్న: ఇంటి వెనక 2 సెంట్ల జాగా ఉంది. ఎర్ర గరప నేల. పార దిగదు, గునపం వేస్తే జానెడు లోతులోనే ఖంగుమంటుంది. వానలకు వంగ, బెండ, ఆనప పెట్టుకోవాలని ఆశ. రాళ్లన్నీ ఏరెయ్యాలా?
– పాఠకురాలు, గజపతినగరం

జవాబు: అన్నీ ఏరక్కర్లేదమ్మా. కోడిగుడ్డు కంటే పెద్దవి తీసేస్తే చాలు. ఉసిరికాయంత రాళ్లు ఉన్నా ఫర్వాలేదు, నీరు కిందికి దిగడానికి సాయపడతాయి.

ముందు అడుగుకొకచోట గునపం గుచ్చి చూడండి. ఒకచోట ఖంగుమని, పక్కన దిగిపోతే అది విడి రాయి. ఎటు గుచ్చినా అదే లోతులో ఆగితే పరుపు బండ. అక్కడ తవ్వకండి. ఏరిన రాళ్లనే అడుగెత్తు గట్టుగా పేర్చి, లోపల రెండు పాళ్లు మట్టి, ఒక పాలు గత్తం (పశువుల ఎరువు) నింపండి. 10 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు మడికి 30 ఘనపుటడుగులు పడుతుంది.

తవ్వగలిగే చోట కూడా ఎండిన నేలతో కుస్తీ పట్టొద్దు. సాయంత్రం బాగా తడిపి, ఒక రోజు ఆరనివ్వండి. పిడికిట్లో నొక్కితే ఉండ కట్టి, వేలితో తడితే విడిపోయేలా ఉంటే అదే అదును. ఇంటి పునాదికి 3 అడుగులు వదలండి. మడి వెడల్పు 3 అడుగులు దాటితే మధ్యకు చెయ్యి అందక మడి తొక్కేస్తారు.

పై 4 అంగుళాల మట్టి చెక్కి గోనెపట్టా మీద విడిగా పోయండి. చాలామంది ఇక్కడే పాడు చేసుకుంటారు. సత్తువంతా ఆ పై పొరలోనే ఉంటుంది. దాన్ని కిందికి తోసి అడుగున ఉన్న మొరం (గులకరాళ్ల మట్టి) పైకి తెస్తే మొలకలు జానెడు ఎదక్కుండానే పాలిపోతాయి. తర్వాత ఇంకో 8 అంగుళాలు తవ్వండి. రాయి కింద చెయ్యి పెట్టొద్దు, తేళ్లుంటాయి. గునపం మొన రాయి కింద దూర్చి, దగ్గర్లో చిన్న రాయి ఆనించి, రెండో కొస నొక్కండి. నడుం మీద భారం పడకుండా లేస్తుంది.

గుంత అడుగును కూడా గునపంతో పొడిచి వదులు చెయ్యండి. లేకపోతే అది తొట్టిలా నీరు పట్టి, ముసురు రోజుల్లో వంగ వేళ్లు కుళ్లిపోతాయి.

ఒక మడికి 15 లీటర్ల తట్టతో 10 తట్టల మాగిన గత్తం, పావుకిలో వేపపిండి కింది మట్టిలో కలిపి, విడిగా ఉంచిన మట్టి పైన పరచండి. పచ్చి పేడ వద్దు, చెదలు, వేరుపురుగు చేరతాయి. మడి నేలకంటే 6 అంగుళాలు ఎత్తుండాలి, రెండు వానలకే కుంగుతుంది.

ఆనపకు మడి అక్కర్లేదు. అడుగున్నర గుంత తీసి, 2 తట్టల గత్తం కలిపి, 3 గింజలు పెట్టండి. మొలిచాక బలమైన ఒక్కటి ఉంచండి.

ప్రశ్న: ముల్లంగి రెండు కాళ్లుగా చీలిపోతోంది. విత్తనం లోపమా?
– పాఠకుడు, పలాస

జవాబు: విత్తనం తప్పు కాదు. వేరు కొసకు రాయి గాని, మాగని పెంట గాని తగిలితే పక్కకు చీలుతుంది. ముల్లంగికి మాత్రం అరంగుళం జల్లెడ పట్టాల్సిందే. మడి అంతా కాదు, జానెడు వెడల్పు, అడుగు లోతున కాలవలా తవ్వి, జల్లించిన మట్టి నింపండి. నారు పోసి నాటకండి, గింజ నేరుగా వెయ్యండి. కొత్త మడిలో మొదటి పంటగా గోంగూర, తోటకూర వేసుకోండి. వాటికి చిన్న రాళ్లు అడ్డు కావు.