‘గ్యాస్ పోయిందా’ అని రోజూ ఎందుకు అడిగారు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 36, ఇంట్లోనే మిషన్ కుడతాను. రెండు నెలల క్రితం ఒక ఆదివారం పొద్దున్నే బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. ముందు రోజు పెళ్ళి భోజనం పడలేదేమోనని వాము నీళ్ళు తాగి, షాపులో గ్యాస్ బిళ్ళ తెచ్చుకుని వేసుకున్నాను. సాయంత్రానికి నొప్పి కుడివైపు పొత్తికడుపులోకి దిగింది, రెండు వాంతులయ్యాయి. సోమవారం మధ్యాహ్నం తగ్గినట్టే అనిపించి అన్నం కూడా తిన్నాను. చీకటి పడేసరికి కడుపు చెక్కలా బిగుసుకుపోయింది, దగ్గితే ప్రాణం పోయినట్టుండేది. 108లో జిల్లా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళారు. రాత్రి 9 గంటలకు చేర్చుకుని, ముక్కులోంచి గొట్టం వేసి, సెలైన్ పెట్టి, అపెండిక్స్ ఆపరేషన్ మాత్రం తెల్లవారుజామున 3 గంటలకు చేశారు. ఆ ఆరు గంటలూ వరండాలో స్ట్రెచర్ మీదే ఉన్నాను. నాలుక ఎండిపోయి నీళ్ళడిగితే చుక్క ఇవ్వలేదు. పొట్ట మీద నిలువుగా 18 కుట్లు పడ్డాయి. మా తోటికోడలికి ప్రైవేటులో ఇదే ఆపరేషన్ మూడు చిన్న రంధ్రాలతో చేసి మూడో రోజు పంపించేశారు, నాకేమో పది రోజులు. పెద్ద డాక్టరు రోజూ వచ్చి ‘గ్యాస్ పోయిందా’ అనడం తప్ప ఒక్క మాట మాట్లాడలేదు. ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళినందుకే ఇలా అయిందని అందరూ మా ఆయన్ని తిడుతున్నారు. నిజంగా మాకు అన్యాయం జరిగిందా?
– ఒక పాఠకురాలు, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీ ఆయన్ని తిట్టడం ఆపమనండి. ఆ రాత్రి ఆయన చేసిన పని వల్లే మీరు ఈ ఉత్తరం రాయగలిగారు.

అపెండిక్స్ అంటే పెద్ద పేగు మొదట్లో వేలాడే, చిటికెన వేలంత గొట్టం. అది మూసుకుపోయి వాస్తే నొప్పి మొదట బొడ్డు దగ్గరే తెలుస్తుంది, ఆ తర్వాతే కుడివైపుకి జరుగుతుంది. అందుకే చాలామంది మీలాగే గ్యాస్ నొప్పి అనుకుంటారు, అందులో మీ తప్పేమీ లేదు. సోమవారం మధ్యాహ్నం తగ్గిందన్నారే, బహుశా అది పగిలింది అప్పుడే. పగలగానే లోపలి ఒత్తిడి పోయి కాసేపు హాయిగా ఉన్నట్టుంటుంది, ఆ తర్వాత చీము కడుపంతా పాకి కడుపు గట్టిపడుతుంది. నొప్పి బొడ్డు నుంచి కుడివైపుకి దిగి, ఆకలి చచ్చిపోయి, వాంతి కూడా అయితే, ఇది చదివే వాళ్ళెవరైనా సరే, విరేచనమయ్యే మందు వేసుకోకుండా, వేడినీళ్ళ కాపడం పెట్టకుండా, ఏమీ తినకుండా సర్జన్ ఉన్న ఆసుపత్రికి బయల్దేరండి.

మీ తోటికోడలికి పగలకముందే చేసి ఉంటారు, అందుకే మూడు రోజుల్లో పంపేశారు. పగిలినదాన్ని కూడా అలా చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే చోట్లు ఉన్నాయి, కాదనను, కానీ తెల్లవారుజామున 3 గంటలకు ఆ సామానూ, అందులో చెయ్యి తిరిగిన మనిషీ రెండూ దొరకాలి. కడుపంతా చీము ఉన్నప్పుడు నిలువుగా తెరిచి, లీటర్ల కొద్దీ సెలైన్‌తో కడిగి, మిగిలింది బయటికి రావడానికి గొట్టం పెట్టి మూయడం ఎక్కడైనా ఒప్పుకునే పద్ధతే.

ఆరు గంటల్లో కొంత మీ కోసం వాడిన సమయమే. మధ్యాహ్నం అన్నం తిన్నారు కదా, మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకి వస్తుంది. నీళ్ళివ్వనిదీ, ముక్కులో గొట్టం వేసిందీ అందుకే. ఎండిపోయిన ఒంటికి సెలైన్, యాంటీబయాటిక్స్ ఎక్కి, మూత్రం సరిగా వస్తుందని చూశాకే మత్తు ఇవ్వడం మంచిది. రాత్రిపూట ఒక్క థియేటరే నడిచే చోట సిజేరియనో, యాక్సిడెంటు కేసో ముందు వెళ్ళి ఉండవచ్చు కూడా.

కానీ ఇందులో ఒక్క ముక్కైనా మీకెవరూ చెప్పలేదు చూడండి, అన్యాయం జరిగింది అక్కడే. దూదితో పెదాలు తడిపి ‘నీళ్ళు ఇందుకివ్వట్లేదమ్మా’ అనడానికి అర నిమిషం చాలు. నేనూ 27 ఏళ్ళు సర్కారు వార్డుల్లో పనిచేశాను, నేనూ ‘గ్యాస్ పోయిందా’ అని అడిగి పక్క మంచానికి వెళ్ళిపోయినవాణ్ణే, ఇప్పుడు తల్చుకుంటే బాధగా ఉంటుంది. కడుపు తెరిచాక పేగులు కొన్ని రోజులు కదలకుండా పడుకుంటాయి, గ్యాస్ పోయిందంటే అవి లేచినట్టు లెక్క. అప్పుడే ముక్కు గొట్టం తీసి నీళ్ళు, ఆ తర్వాత ఇడ్లీ మొదలుపెడతాం. ఒకసారి ఒక పెద్దావిడ మగ డాక్టర్ల ముందు సిగ్గుపడి మూడు రోజులు ‘లేదు బాబూ’ అంటూనే ఉంది, మేమూ సెలైన్ మీదే ఉంచేశాం. చివరికి వార్డు ఆయమ్మ పక్కన కూర్చుని చెవిలో అడిగితే, రెండో రోజే పోయిందట. ఎందుకడుగుతున్నామో ముందే చెప్పి ఉంటే ఆ తల్లి అంత దాహంతో పడుకునేది కాదు.

చేర్చుకోకపోతే ఏమయ్యేదని కూడా మీకు అనిపించి ఉంటుంది. 1992లో పశ్చిమ బెంగాల్‌లో హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ రైల్లోంచి పడి తలకి దెబ్బ తగిలితే, మంచాలు లేవని ప్రభుత్వాసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పి పంపాయి. 1996లో సుప్రీంకోర్టు ఆయనకు 25,000 రూపాయల పరిహారం ఇప్పించి, అత్యవసర వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనని తేల్చింది. కాబట్టి అక్కడ మీకు జరిగిన వైద్యం ఎవరో దయతలచి చేసింది కాదు, ఎందుకు ఆలస్యమవుతోందని అడిగే హక్కూ మీ ఆయనకి ఉంది.

ఇక ఇప్పటి సంగతి. మిషన్ కుట్టుకోవచ్చు, నీళ్ళ బిందెలు, బియ్యం బస్తాలు మాత్రం ఇంకో నెల ఎత్తకండి. దగ్గినప్పుడు కుట్ల దగ్గర ఉబ్బెత్తుగా పొడుచుకొస్తే వెంటనే చూపించండి, అది హెర్నియా, అంటే కుట్ల సందులోంచి పేగు బయటికి తోసుకురావడం, కావచ్చు. తీసేసిన అపెండిక్స్ ముక్కని మామూలుగా పరీక్షకి పంపుతారు, చాలామంది ఆ రిపోర్టు కోసం మళ్ళీ వెళ్ళరు. అరుదుగానైనా అందులో కణితులు (ట్యూమర్లు) బయటపడతాయి. డిశ్చార్జి కాగితం తీసుకుని మీ ఆయన్ని ఒకసారి పంపి అది తెప్పించుకోండి, ఏం రాశారో నాకు రాయండి.